తువాలు కింద కార్డు బాకీ

మాదప్ప భుజం మీది తువాలు పొడవు ఐదడుగుల రెండంగుళాలు, వెడల్పు రెండున్నర అడుగులు. ఇద్దరు మనుషుల కుడిచేతులు మోచేతుల దాకా కనబడకుండా ఉండాలంటే అంత గుడ్డ కావాలి. చిన్నదైతే వేళ్లు బయటపడతాయి. మరీ పెద్దదైతే ఎండలో చెమట పట్టి పట్టు జారుతుంది. నలభై నాలుగేళ్ల పాటు పశువుల సంతల్లో ఆయన చేసిన పని అంతా ఆ గుడ్డ కిందే జరిగింది.

మాదప్పది సూళగిరి దగ్గరి అత్తిముగం. వయసు అరవై ఎనిమిది. వృత్తి తరగరితనం, అంటే పశువును అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ ధర కుదిర్చి, ఇద్దరి దగ్గరా తరగు అనే కమీషను పుచ్చుకోవడం. ఆ బేరంలో అంకె నోటితో పలకరు. తువాలు కింద ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, అయిదు వేళ్లూ కలిపి పడితే అయిదు. అది వేలా, పదివేలా అన్నది ఎదుట నిలబడిన పశువే చెబుతుంది. చుట్టూ మూగినవాళ్లకు ఇద్దరి మొహాలు తప్ప ఏమీ కనబడవు. ఆ మొహాలు కూడా ఏమీ చెప్పకుండా చూసుకోవడం వృత్తిలో సగం పని.

మిగతా సగం చూడటం. అమ్మేవాడు పగ్గాన్ని చేతికి గట్టిగా ఒక చుట్టు చుట్టుకుని నిలబడితే ఇంకా బేరానికి రాలేదని అర్థం. విప్పుతూ, మళ్లీ చుట్టుకుంటూ ఉంటే వచ్చాడని అర్థం. పొద్దు వాలేకొద్దీ ధర దిగుతుంది. అమ్ముడుపోని ఎద్దును వెనక్కి నడిపించుకుపోవాలి, ఆ పూటకు మేత వెయ్యాలి. “పొద్దన ధర నోరు చెప్తాది, మాపటికి పగ్గం చెప్తాది” అని మాదప్ప తండ్రి అనేవాడు. ఆయనే ఇంకో మాట కూడా అనేవాడు: తరగరి తాను పగ్గం పట్టరాదు. ఇతరుల పశువులకు ధర కట్టేవాడు సొంతానికి పశువుల వ్యాపారం చెయ్యకూడదని దాని తాత్పర్యం. మాదప్ప ఈ రెండో మాటను జీవితంలో ఒక్కసారే మీరాడు. అందుకు సాయం చేసింది ఒక బ్యాంకు.

కొనేవాళ్లు వేసిన డబ్బు అమ్మేవాళ్లకు చేరేలోపు ఒకటి రెండు రోజులు మాదప్ప ఖాతాలో ఉండేది. ఒక ఏడాదిలో ఆ రాకపోకలు పదకొండు లక్షలు దాటాయి. బ్యాంకు దాన్ని ఆయన సంపాదన అనుకుంది. బ్యాంకు పిలిచి కార్డు ఇస్తానంటే ఆయన దాన్ని మర్యాద అనుకున్నాడు. ఫలితంగా హోసూరులో ఒక బట్టల దుకాణం ముందు గొడుగు వేసుకుని కూర్చున్న ఉద్యోగి చేతి మీదుగా ఆయనకు తొంభై వేల పరిమితి గల క్రెడిట్ కార్డు, చక్రాలున్న సంచీ అందాయి. సంచీ ఇప్పటికీ ఉంది. భార్య చిక్కమ్మ దాంట్లో తవుడు పోసి పెడుతుంది.

సంతలో కార్డు గీసే యంత్రం ఉండదు. అందుచేత ఒక దుకాణదారు దగ్గర డెబ్బై ఎనిమిది వేలకు కార్డు గీయించి, నూటికి రెండు రూపాయలు వదులుకుని, నోట్లు పుచ్చుకుని, మాదప్ప ఒక కాడి ఎడ్లను సొంతానికి కొన్నాడు. మూడు వారాలకు చర్మం మీద గడ్డలు లేచే జబ్బు వచ్చింది. సంతలు మూతపడ్డాయి. ఒక ఎద్దు పోయింది. రెండోది కోలుకుంది గాని, మచ్చలు పడ్డ తోలుతో పందొమ్మిది వేలకు పోయింది.

అయినా ఆయన దిగులు పడలేదు. కారణం, నెలనెలా వచ్చే బిల్లు. దాంట్లో రెండు అంకెలు ఉండేవి. ఒకటి మొత్తం బాకీ. రెండోది, దాని కింద, కట్టవలసిన కనీస మొత్తం. తరగరి కంటికి ఒకే సరుకు మీద రెండు అంకెలు కనబడితే, పైది అడిగే ధర, కిందది ఇచ్చే ధర.

“ఈ బ్యాంకోళ్లకు బేరం తెలీదే,” అని ఆయన చిక్కమ్మతో చెప్పి నవ్వాడు. “కింది ధర ఎవురైనా కాగితం మీద అచ్చేసి పంపిస్తారా? డెబ్బై ఎనిమిది వేలు అడిగినట్ల అడిగి, మూడు వేల తొమ్మిదినూర్లకు ఒప్పుకుంటా ఉండారు!”

“అట్లయితే ఈ నెల మళ్లీ యాల పంపిచ్చినారు?” అని చిక్కమ్మ అడిగింది.

“మర్చిపోయింటారు. పెద్ద ఆఫీసు గదా.”

పదకొండు నెలలు వాళ్లు మరిచిపోతూ వచ్చారు. పదకొండు నెలలు ఈయన జాలిపడి కడుతూ వచ్చాడు. కట్టింది మొత్తం నలభై ఒక్క వేల చిల్లర. పన్నెండో బిల్లును కోడలు కలైవాణి చదివింది. ఆమె ప్లస్ టూలో లెక్కలు చదువుకున్న మనిషి.

“మామా, నలభై ఒక్క వేలు కట్టినావు గదా. బాకీలో తగ్గింది ఏడు వేల మున్నూరు. మిగిలిందంతా వడ్డీకి పోయింది.”

మాదప్ప ఆ బిల్లును తిప్పి, వెనక పక్క కూడా చూశాడు. ఎద్దు పండ్లు చూసినట్టు చూశాడని కలైవాణి తర్వాత చెప్పింది. ఆ రోజు నుంచి కట్టడం మానేశాడు. మానడం వల్ల బాకీ మానలేదు. పదహారు నెలల్లో వడ్డీ, ఆలస్య రుసుము కలిసి అది లక్షా నలభై మూడు వేల రెండు వందలైంది.

ఫోన్లు మొదట మాదప్పకు వచ్చాయి. చెన్నై నుంచి మాట్లాడే ఒకామె లక్షా ఇరవై వేలకు తెగ్గొడతామంది. మాదప్పకు తువాలు లేని బేరం కొత్త. అందుచేత మాట్లాడకుండా ఊరుకున్నాడు. “హలో? సార్? లైన్లో ఉన్నారా?” అని నలభై సెకన్లు అడిగి, ఆమె తానుగా లక్షా పన్నెండుకు దిగింది. ఊరకే ఊపిరి పీలిస్తేనే ఎనిమిది వేలు తగ్గుతాయని తెలిశాక ఆయనకు ఫోన్ల మీద ప్రేమ పుట్టింది. కాని తర్వాతి ఫోన్లు కొడుకు మురుగన్ పనిచేసే సూళగిరి ఫ్యాక్టరీకి పోయాయి. సూపర్‌వైజర్ ఎదుట రెండుసార్లు తల దించుకున్న మురుగన్ ఇంటికి వచ్చి ఒకే మాట చెప్పాడు:

“నాయినా, మార్చి ఆఖరు లోపల ఇది తెగల్ల. తెగలేదంటే శుక్రవారం సంతకు గౌరిని తోలుకొని పోతాను.”

గౌరి రెండో ఈత జెర్సీ సంకరం ఆవు. పూటకు అయిదున్నర లీటర్ల చొప్పున రోజుకు పదకొండు లీటర్ల పాలు. ఇంటి ఖర్చు ఆ పాలమీదే నడుస్తుంది. చిక్కమ్మ చీటీ పాడి అరవై వేలు తెచ్చి పెట్టింది. బాకీ అరవై లోపల తెగితే గౌరి ఉంటుంది. అరవై ఒకటి అయినా పోతుంది.

మాదప్ప మార్చి ముప్పై ఒకటి దాకా తొందరపడలేదు. బ్యాంకులకు ఏడాది ఆ రోజుతో ముగుస్తుందని కలైవాణి చెప్పినప్పటి నుంచి ఆయన ధీమా పెరిగింది. “అంటే సంతకు పొద్దు గుంకేది ఆ దినమే గదా,” అన్నాడు.

ఆ రోజు మూడూ యాభైకి, హోసూరు నుంచి వసూలు ఏజెంటు చంద్రు స్కూటర్ మీద వచ్చాడు. వయసు ఇరవై ఆరు, మర్యాదస్తుడు. చిక్కమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగుతూ, “తాతా, నువ్వు ఏం పని చేస్తా ఉంటివి?” అని అడిగాడు. ఆ ప్రశ్న మాదప్పను అడిగినవాళ్లెవరూ అరగంటలోపు లేచిపోలేదు. తువాలు పరిచి, చంద్రు చేతిని కిందకు లాగి, ఒకటి నుంచి తొమ్మిది దాకా నేర్పించాడు.

“ఇది అయిదు. మళ్లా ఈ మూడు వేళ్లు పడితే ఎనిమిది. ముందు పదులు, తర్వాత ఒకట్లు. అర్థమయిందా?”

“చక్కిలిగిలి పెడతా ఉండాది తాతా.”

“మొదట్లో అందరికీ అంతే. మొగంలో చూపియ్యకూడదు.”

ఇంతలో హోసూరు నుంచి మేనేజరు ఫోన్ చేశాడు. నెలాఖరు కనుక బేరం తాను కూడా వినాలన్నాడు. చంద్రు ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి మంచం మీద ఉంచాడు. అప్పటి నుంచి అతని గొంతు మారింది. తాతా అన్నవాడు సార్ అన్నాడు.

“తొంభై వేలు సార్. లక్షా నలభై మూడులో అంతకంటే తగ్గదు. అదిగో, ఆవు ఉండాది గదా. అమ్మి కట్టెయ్యొచ్చు.”

మాదప్ప లేచి కొట్టం దగ్గరకు నడిచాడు. జీవితమంతా ఇతరుల ఆవులను పొగిడి బతికిన మనిషి, మొదటిసారి తన ఆవును తిట్టడానికి గొంతు సవరించుకున్నాడు.

“దీన్నా? దీన్ని ఎవురప్పా కొంటారు? కడ చన్ను బండ. చుక్క పాలు రావు దాంట్లో. పిండబోతే తన్నుతాది. నడుముమీద సుడి చూడు, కొన్నోడి ఇంట్లో పొయ్యి వెలగదు. నాలుగో ఈత అయిపాయ. ఇంకో రెణ్నెల్లకు ఒట్టిపోతాది. మేత మటుకు ఏనుగు తిన్నట్ల తింటాది.”

చిక్కమ్మ నోట్లోని వక్క నమలడం ఆపేసింది. గౌరి కూడా తల ఎత్తి చూసింది. ఇది కలైవాణి సాక్ష్యం.

చంద్రు నమ్మాడు. నమ్మడమే చిక్కు తెచ్చింది. అతనికి నిజంగా జాలి కలిగింది.

“పాపం. పోనీ సార్, ఒక పని చేస్తాను. మా నాయిన ఒక ఆవు కావల్లంటా ఉండాడు. ఇరవై వేలకు నేనే తీసుకుంటాను. మీకు ఇబ్బంది లేకుండా పోతాది.”

“ఇరవయ్యా?” అన్నాడు మాదప్ప.

“పద్దెనిమిదికి కూడా ఎవురూ అడగరు సార్, మీరు చెప్పిన లెక్కకు.”

నలభై నాలుగేళ్లలో ఏ పశువుకూ తప్పు ధర ఆయన ఎదుట నిలబడలేదు. తప్పు ధర వింటే తేలుకుట్టినట్టు ఉంటుందని తరగరులు చెబుతారు.

“పద్దెనిమిదా! పండ్లు చూసినావా దానికి? ఆరు పండ్లు! రెండో ఈత! పొదుగు చూడు, నాలుగు చన్నులూ అచ్చులో పోసినట్ల ఉండాయి! డెబ్బై రెండు వేలప్పా, డెబ్బై రెండు! ఒక రూపాయి తగ్గితే నా పేరు మాదప్ప కాదు!”

మంచం మీది ఫోన్ మాట్లాడింది.

“చంద్రూ, డెబ్బై రెండు వేల ఆవు ఉందంట. నోట్ చేసుకో. తొంభైకి ఒక్క రూపాయి తగ్గద్దు.”

చిక్కమ్మ భర్త వైపు చూసిన చూపును వర్ణించడం అనవసరం. “నోరా, తూమా?” అంది. “చేతులతో బతికినోడివి, ఈ పొద్దు నోరెందుకు తెరిచినావయ్యా?”

మాదప్ప మంచం మీద కూర్చున్నాడు. అప్పటికి నాలుగూ నలభై. ఆయన తొంభై అనలేడు. అరవై అని నోటితో అంటే అది కింది మెట్టు అవుతుంది, పైకి లాగుతారు. అందుచేత ఏమీ అనలేదు. అయిదయింది. చంద్రు తొంభై అన్నాడు. మాదప్ప ఎండ నీడను చూశాడు. అయిదూ ఇరవైకి ఎనభై అయిదు. మాదప్ప గౌరికి నీళ్లు పెట్టి వచ్చాడు. అయిదూ నలభైకి మేనేజరే అడిగాడు:

“చంద్రూ, ఈ దినం ఎన్ని క్లోజ్ చేసినావు?”

“తొమ్మిది సార్.”

“పది కావల్ల. ఆరున్నరకు సిస్టం మూసేస్తారు. పది కాలేదంటే ఈ నెల నీ ఇన్సెంటివ్ పోయె, నా టార్గెట్ పోయె.”

స్పీకర్ సంగతి మేనేజరు మరిచాడు. ఆ రోజు అత్తిముగంలో సూర్యాస్తమయం ఆరూ ఇరవై తొమ్మిదికి. బ్యాంకు పొద్దుకూ ఊరి పొద్దుకూ ఒక నిమిషమే తేడా. మాదప్ప చంద్రు చేతులు చూశాడు. అతను హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ చుట్టుకుంటున్నాడు.

మాదప్ప భుజం మీది తువాలు తీసి, ఇద్దరి మధ్య పరిచి, కుడిచెయ్యి కిందకు పోనిచ్చాడు. చంద్రు ఫోన్ వైపు ఒకసారి, తువాలు వైపు ఒకసారి చూశాడు. ఫోన్‌కు చెవులున్నాయి గాని కళ్లు లేవు. చెయ్యి కిందకు పెట్టాడు.

చంద్రు ఎనిమిది పట్టాడు. మాదప్ప నాలుగు పట్టాడు. చంద్రు ఏడు. మాదప్ప అయిదు వేళ్లూ కలిపి పట్టి వదల్లేదు. చంద్రు ఆరు పట్టాడు, కాని పట్టులో బలం లేదు. అది మాదప్పకు తెలిసింది.

“చంద్రూ! ఏం జరగతా ఉంది ఆడ?” అని ఫోన్ అరిచింది.

“మాట్లాడతా ఉండాము సార్.”

“ఒక్క ముక్క వినపడలేదే!”

“గట్టిగానే మాట్లాడతా ఉండాము సార్.”

కలైవాణి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పోయింది. తువాలు కింద మాదప్ప అయిదు పట్టి, దాని తర్వాత ఆరు పట్టాడు. చంద్రు అయిదు, తొమ్మిది పట్టాడు. ఆఖరుకు మాదప్ప అయిదు పట్టి, మళ్లీ అయిదూ మూడూ పట్టి, బిగించి ఉంచాడు. చంద్రు ఎదురు బిగించాడు. తువాలు లేచింది. అప్పుడు సమయం అయిదూ యాభై రెండు.

చంద్రు ఫోన్‌కు దగ్గరగా వంగాడు. “సార్, యాభై ఎనిమిది అంటే ఇప్పుడే కట్టేస్తామంటా ఉండారు.”

“డెబ్బై రెండు వేల ఆవును పెట్టుకొని యాభై ఎనిమిదా? ఆవును అమ్మమను!”

చంద్రు కొట్టం వైపు తిరిగాడు. అతను ఒక్క మధ్యాహ్నంలో ఏం నేర్చుకున్నాడో అప్పుడు తెలిసింది.

“సార్, నేను దగ్గరికి పొయ్యి చూసినాను. ముసలాయన ప్రేమకొద్దీ చెప్పినాడు. ఆవు పనికిరాదు సార్. కడ చన్ను బండ. తన్నుతాది. సుడి చెడ్డది, ఎవురూ పట్టరు. రెణ్నెల్లకు ఒట్టిపోతాది. పద్దెనిమిది వేలు వస్తే దేవుడు మేలు చేసినట్ల.”

మాదప్ప లేచాడు. మెడ నరం ఉబ్బింది. పెదవులు తెరుచుకున్నాయి. గౌరి, అరవై వేలు, శుక్రవారం సంత, ఇంటి ఖర్చు, అంతా ఆ తెరుచుకున్న పెదవుల మధ్య ఉంది. చిక్కమ్మ ఒక్క అడుగు వేసి, మంచం మీది తువాలు కొస తీసి ఆయన నోట్లో కుక్కింది. ఆయన దాన్ని ఉమ్మెయ్యలేదు. పళ్లతో పట్టుకుని, ‘సుడి’ దగ్గర ఒకసారి, ‘పద్దెనిమిది’ దగ్గర ఇంకోసారి కళ్లు మూసుకుని, నిలబడ్డాడు.

మేనేజరు జవాబుకు పందొమ్మిది సెకన్లు పట్టింది. మళ్లీ బయటికి వచ్చిన కలైవాణి ఫోన్ తెర మీద లెక్కపెట్టింది.

“సరే. యాభై ఎనిమిదికి లెటర్ పంపిస్తాను. ఆరున్నర లోపల డబ్బు పడల్ల.”

లెటర్ ఆరూ ఎనిమిదికి కలైవాణి ఫోన్‌కు వచ్చింది. చంద్రు కట్టెయ్యమన్నాడు. మాదప్ప నోట్లోంచి తువాలు తీసి, “ఉండప్పా. పగ్గం చేతికి వచ్చినంక గదా రూకలు” అన్నాడు. కలైవాణి అయిదు నిమిషాలు చదివింది: బ్యాంకు పేరు, కార్డు చివరి నాలుగంకెలు, యాభై ఎనిమిది వేలు, ఇంతటితో బాకీ పూర్తిగా తీరినట్టేనన్న వాక్యం, ఆ రోజు తారీకు. అన్నీ సరిపోయాయి. చంద్రు చేతికి ఒక్క నోటు కూడా ఇవ్వకుండా, లెటర్‌లో ఉన్న కార్డు ఖాతాకే ఆరూ పదిహేడుకు డబ్బు పంపింది. చీటీ డబ్బులో రెండు వేలు మిగిలాయి.

చంద్రు నిజాయితీపరుడు గనుక ఇంకో సంగతి చెప్పాడు. “తాతా, పూర్తిగా కట్టలేదు, తగ్గించి తీర్చినారని రికార్డులో పడతాది. ఏడేండ్ల దాకా మీకు ఎవురూ కార్డు ఇయ్యరు.”

“ఏడేండ్లా?” మాదప్ప మొహం వెలిగింది. “ఎవురూ ఇయ్యరా? రాసి ఇస్తారా ఆ మాట?”

చంద్రు హెల్మెట్ తలకు పెట్టుకోబోతుంటే మాదప్ప చెయ్యి చాపాడు.

“ఏంది తాతా?”

“తరగు. నీకూ బ్యాంకుకూ బేరం కుదిర్చింది ఎవురు? నీ పదోది మూసింది ఎవురు?”

“నువ్వు బాకీదారువి తాతా!”

“బాకీ అప్పుడే తీరిపోయె. ఇప్పుడు నేను తరగరి.”

చంద్రు నవ్వి నూరు రూపాయలు ఇచ్చాడు. కొట్టం దాటుతూ ఆగి, గౌరి వీపు నిమిరి అడిగాడు: “నిజం చెప్పు తాతా, ఇది తన్నుతాదా?”

“మా చిక్కమ్మ తన్నినా ఇది తన్నదు. మీ నాయినను శుక్రవారం సంతకు రమ్మను. పండ్లు చూసి పట్టిస్తాను. నేను మటుకు పగ్గం పట్టను. తువాలే.”

ఆ శుక్రవారం చంద్రు తండ్రికి మంచి ఆవే దొరికింది. అక్కడే మాటల్లో చంద్రు ఒక నిజం జారవిడిచాడు: ఆ రోజు బ్యాంకు పెట్టిన కింది హద్దు బాకీలో నూటికి నలభై, అంటే యాభై ఏడు వేల రెండు వందల ఎనభై. మాదప్ప ఏడు వందల ఇరవై రూపాయలు ఎక్కువ ఇచ్చాడన్న మాట. ఆయన మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం గౌరిని పిండింది చిక్కమ్మ. రోజూ అయిదుంపావుకు పిండవలసింది ఆ రోజు ఆరూ నలభై అయింది. పాల కేంద్రం చీటీ ప్రకారం నాలుగు లీటర్ల ఎనిమిది వందల మిల్లీలీటర్లు. మామూలు కన్నా ఏడు వందలు తక్కువ. వేళ తప్పడం, కొత్త మనుషుల అలికిడి కారణమని కలైవాణి అంటుంది. ఒకే మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్ల నోట అన్ని మాటలు పడిన ఏ ఆడది మాత్రం మనసారా పాలిస్తుందని చిక్కమ్మ అంటుంది. ఒక్క పూట కొలతతో ఈ రెంటిలో దేన్నీ తోసిపుచ్చడానికి వీలు లేదు. మాదప్ప మాత్రం మరునాడు పొద్దున్నే కొట్టంలోకి పోయి, ఎవరూ చూడటం లేదనుకుని, గౌరి చెవి దగ్గర వంగి, డెబ్బై రెండు అని మెల్లగా చెప్పాడు. ఆ పూట పాలు అయిదున్నర.